తప్పు చోట పొడిచిన పొద్దు

ఆ రోజుల్లో నా చేతిలో ఒక కొత్త ఫోను ఉండేది, ఇంట్లో గోడకు ఫ్రేము కట్టిన కొత్త డిప్లొమా ఉండేది. ఈ రెండూ ఒకేసారి దొరికిన ఇరవై రెండేళ్ళవాడికి పక్క మనిషి చెప్పేది చెవికెక్కదు. ఎక్కకపోగా, చెప్పే మనిషి మీద కొంచెం జాలి కూడా పుడుతుంది, పాపం ఈయనకేమీ తెలియదే అని. నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాక ఆ జాలి ఎవరి మీద పడాల్సిందో నాకు తెలిసింది. తెలిసేసరికి ఒక భవనం వంకరగా లేచి నిలబడింది, ఒక మనిషి బతుకు దానికన్నా వంకరైంది. నవ్వుకోవడానికే ఈ సంగతి రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడైనా నాకు నవ్వు రాకపోతే మీరే సర్దుకోవాలి.

తిరుపతికి దగ్గర్లోనే ఒక ఊరు. పేరు చెప్పను, ఆ మున్సిపాలిటీ వాళ్ళు ఇప్పటికీ నాకు బస్టాండులో ఎదురుపడుతుంటారు. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన ఎప్పుడో విదేశాలకు వెళ్ళొచ్చి, అక్కడ గోల్ఫు ఆడేవాళ్ళను చూసి మనసు పారేసుకుని, ఊరి బయట మున్సిపాలిటీ స్థలంలో తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం వేయించాడు. మా ఎర్రమట్టిలో ఆ పచ్చిక బతకలేదు. చివరికి పచ్చిక ఉండాల్సిన చోట నూనె కలిపిన ఇసుక పోసి రోలరుతో తొక్కించారు. ఆడేవాళ్ళు నలుగురు డాక్టర్లు, రేణిగుంట ఫ్యాక్టరీల ఆఫీసర్లు ఇద్దరు ముగ్గురు, ఒక రిటైరైన జడ్జిగారు. వీళ్ళకన్నా ఎక్కువగా మేకలు వచ్చేవి. ఊళ్ళో జనం దాన్ని గుంతల గ్రౌండు అనేవాళ్ళు. అటువంటి గ్రౌండుకు, ఏ దేవుడి దయవల్లో, ఒక కొత్త క్లబ్‌హౌస్ మంజూరైంది. ప్లాను నేనూ చూశాను, నిజంగా ముచ్చటగా ఉంది. ముందు వెడల్పాటి వరండా, దాని వెనక నేల నుంచి కప్పు దాకా అద్దాలు, కేన్ కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతూ ఎదురుగా ఆట చూడొచ్చు. స్థలం గ్రౌండుకు పడమటి అంచున ఉంది. అంటే తూర్పు ముఖంగా కడితే ఎదురుగా తొమ్మిది గుంతలూ కనపడతాయి. ఆగ్నేయం మూలకు మాత్రం చూడకూడదు. అక్కడ నాలుగు తుమ్మచెట్ల అవతల శ్మశానం ఉంది, ఒక పక్క హిందువులది, ఇంకో పక్క క్రైస్తవులది.

నేను ఆ పనికి టెంపరరీ వర్క్ ఇన్‌స్పెక్టర్ని. (మా నాయన చంద్రగిరిలో కనపడ్డ ప్రతివాడికీ "మావోడు ఇంజినీరు" అని చెప్పుకునేవాడు. నేను దిద్దలేదు.) నా పైన డిప్యూటీ ఇంజినీరు, డి.ఈ. సారు. ఆయన జీపు దిగి ఎరగడు. వచ్చి, అద్దం దించి చూసి, "బాగుండాదబ్బా" అని మళ్ళీ అద్దం ఎక్కించేవాడు. నా కింద, కింద అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు, పొద్దు మేస్త్రి. అరవైకి దగ్గర పడిన మనిషి, వాచీ పెట్టడు, సూర్యుడి వంక కళ్ళు చికిలించి చూసి టైము చెప్తే అయిదు నిమిషాలు అటూ ఇటూ తేడా ఉండేది కాదు. అందుకని ఆ పేరు. నాకూ కూలీలు ఒక పేరు పెట్టారు, ఫోను సారు. మేస్త్రి భార్య కూడా మా సైటులోనే సిమెంటు మాలు మోసేది. ఆమెను అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు, నేను అక్కా అనేవాణ్ణి. మేస్త్రి ఒకప్పుడు బాగా తాగేవాడట. విసిగిపోయి ఆమె కాళహస్తిలో అన్న దగ్గరికి వెళ్ళిపోయిందట. మళ్ళీ చుక్క ముట్టనని చర్చిలో పదిమంది ముందర ఒట్టేసి ఆమెను తెచ్చుకున్నాడట. అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళ సంగతి మాట్లాడేటప్పుడు ఆయన వరుస చూస్తే, ఎవరో పెద్ద భవనం కట్టి అందులో ఒక్క ఇటుక కూడా తేడా రాలేదని చెప్పుకుంటున్నట్టు ఉండేది.

ముగ్గు పోయడమంటే మీకు తెలిసే ఉంటుంది, పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద తాళ్ళు కట్టి సున్నంతో గీతలు వేయడం. దాంతోనే ఇంటి ముఖం ఎటో తేలిపోతుంది. డి.ఈ. సారు తీసుకొచ్చిన సిద్ధాంతిగారు ముఖం కచ్చితంగా తూర్పుకే ఉండాలని, ఒక్క గీత అటూ ఇటూ పోకూడదని, పొద్దున ఏడుంబావుకు ముగ్గు పడాలని చెప్పి, ఆ రోజు చంద్రగిరిలో తాను చేయించాల్సిన పెళ్ళి ఉందని వెళ్ళిపోయారు. ఆ రోజు తుపాను. మూడు రోజులుగా ఆకాశం కనపడలేదు, సన్న జల్లు. గొడుగు కింద నేనూ, నెత్తిన గోనెసంచి కప్పుకుని మేస్త్రీ, తాళ్ళు పట్టుకుని ఇద్దరు కూలీలు. పొడిగా నిలబడడానికి చోటు లేక, ముందు రోజు దిగిన ఇనుప కడ్డీల కుప్ప మీద టార్పాలిన్ కప్పి ఉంటే దానికి ఆనుకుని నిలబడి ఫోను తీశాను. అందులో దిక్సూచి ఉంది. అది నాకు ఎంత గర్వమో చెప్పలేను.

మేస్త్రి ఒకటే అన్నాడు. "ఈ పొద్దుకు వొద్దు సారూ. ఎండ వచ్చినాక పోద్దాము. నాకు పొద్దు కనపడితే తూర్పు యాడుండాదో సెప్తా."

"ముహూర్తం ఏడుంబావుకి మేస్త్రీ. ఫోను చెప్తుంది కదా."

ఆయన నా భుజం మీదుగా ఫోనులోకి తొంగి చూశాడు. ఎర్ర ముల్లు చూపించిన ఉత్తరాన్ని బట్టి తూర్పని నేను తుమ్మచెట్ల వైపు చేయి చూపించాను. ఆయన అటు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ పక్క కాదు సారూ తూర్పు. నేను ఈ పక్క ఇరవై ఏండ్లుగా పని చేస్తా ఉండా. ఆ ఫోను రొంతసేపు జేబులో పెట్టుకో సారూ."

దానికి నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఇప్పటికీ అప్పుడప్పుడు స్నానం చేస్తుంటే గుర్తొచ్చి చెంబు కింద పెట్టేస్తాను. "మేస్త్రీ, ఇది ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడుతుంది" అన్నాను. (దిక్సూచి ఏ ఉపగ్రహంతోనూ మాట్లాడదు, అయస్కాంతంతో పనిచేస్తుంది, పక్కన రెండు టన్నుల ఇనుము ఉంటే దానికి మతి పోతుంది. ఇది డిప్లొమా రెండో సంవత్సరంలోనే చెప్పారు. ఆ పాఠం రోజు నేను ఏ సినిమాకి వెళ్ళానో మాత్రం గుర్తులేదు.) సారు చెప్పాడు కాబట్టి మేస్త్రి తాళ్ళు నేను చూపించిన వైపే లాగి కట్టి, ఏడుంబావుకు కచ్చితంగా ముగ్గు పోశాడు. ఒక్క గీత వంకర పోలేదు. దిక్కు తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి.

వానలు ఇంకో ఎనిమిది రోజులు సాగాయి. గుంతలు తవ్వించాను, అడుగు కాంక్రీటు వేయించాను. తొమ్మిదో రోజున ఎండ వచ్చింది. నేను టీ తాగి సైటుకు వెళ్ళేసరికి మేస్త్రి పనిలో దిగకుండా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది మేస్త్రీ?"

"సూర్యుడు తప్పు సోట పొడిసినాడు సారూ ఈ పొద్దు" అన్నాడు, మొహంలో ఏ భావమూ లేకుండా.

చూశాను. వరండా ఎదురుగా లేవాల్సిన పొద్దు బాగా ఎడమకు లేచి ఉంది. నా గుండె జారిపోయింది గానీ నోరు మాత్రం జారలేదు. "ఇది దక్షిణాయనం కదా, సూర్యుడు కొంచెం పక్కకు జరుగుతాడు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు, జరుగుతాడు. "జరిగితే కుడికి జరగాల సారూ, ఎడమకు కాదు" అన్నాడాయన. "నువ్వు గమ్మున పని చేయి మేస్త్రీ, నాకు తెలుసు" అన్నాను. కూలీలు వెళ్ళిపోయాక ఒక్కణ్ణే ఫోను పట్టుకుని కడ్డీల కుప్ప నుంచి మెల్లగా దూరం నడిచాను. పది అడుగులు వేసేసరికి ఎర్ర ముల్లు సోమరిగా తిరిగి, నిద్రలేచినట్టు సరైన చోటికి వచ్చి ఆగింది. క్లబ్‌హౌస్ ముఖం తూర్పుకు లేదు, సరిగ్గా ఆగ్నేయానికి ఉంది. అప్పటికి పునాదిలో కాంక్రీటు గట్టిపడింది. నాకు నోరు కూడా గట్టిపడింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తరువాత రోజులు గడిచేకొద్దీ సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ, నా భవనానికి రోజురోజుకూ ఇంకా దూరమవుతూ వచ్చాడు. గోడలు లేచాయి, సెంట్రింగ్ కర్రల అడవి మధ్య ముఖం ఎటో ఎవరికీ పట్టలేదు. డి.ఈ. సారు జీపు అద్దంలోంచి చూసి బాగుండాదబ్బా అంటూనే ఉన్నాడు. మేస్త్రి మాత్రం రోజూ పొద్దున ఒకసారి సూర్యుణ్ణి, ఒకసారి నన్ను చూసి పనిలో దిగేవాడు.

స్లాబు పడి, కర్రలు ఊడదీసి, అద్దాలు బిగించాక సిద్ధాంతిగారు ప్రారంభానికి ముహూర్తం పెట్టడానికి వచ్చారు. సంచిలోంచి ఇత్తడి దిక్సూచి తీసి వరండా మధ్యలో పెట్టారు. ముల్లు ఆగాక వంగి రెండుసార్లు చూసుకున్నారు. తరువాత తలెత్తి అద్దాలకు ఎదురుగా ఏముందో చూశారు. తుమ్మచెట్ల మధ్యనుంచి సమాధులు, కట్టెల కుప్ప, ఒక చితి తాలూకు బూడిద. "ఇది విదిక్కు కట్టడం, ముఖం మూలకు తిరిగింది" అన్నారు నీరసంగా, "అదీ దేని ఎదురుగా."

మరునాడు డి.ఈ. సారు తలుపు మూయించి నన్ను కూర్చోబెట్టాడు. నేను భయంతో ఫోను సంగతీ కడ్డీల సంగతీ అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నీ రాత ముత్యాల మాదిరి ఉంటాదబ్బా, రాసుకో" అని చెప్పడం మొదలుపెట్టాడు. సదరు మేస్త్రి మద్యం మత్తులో ఉండి ముగ్గు పోసినందున దిక్కు తప్పినది.

"సార్, ఆయన తాగడు సార్."

"ఇప్పుడు తాగడు. ముందు తాగేవాడా లేదా?"

"తాగేవాడంట సార్."

"అది చాలు. ఫోను తప్పు చెప్పిందని రాస్తే ఫోను ఎవరిదని అడుగుతారు. నీది టెంపరరీ ఉద్యోగమబ్బా. మీ నాయన ఊరంతా చెప్పుకోని తిరగతా ఉండాడు కదా."

రాశాను. కింద ప్రత్యక్ష సాక్షి అని సంతకం కూడా పెట్టాను. ముత్యాల్లాంటి అక్షరాలు, నిజమే. ఆ రోజే మేస్త్రిని పనిలోంచి తీసేశారు. తాగి ముగ్గు పోసినవాడన్న మాట రెండు రోజుల్లో ఊళ్ళో కాంట్రాక్టర్లందరికీ పాకిపోయింది.

మూడో రోజున మేస్త్రమ్మ ఆఫీసుకు వచ్చింది. సిమెంటు మరకల చీరతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. డి.ఈ. సారు ఏదో ఫైలు చదువుతున్నాడు, పేజీ మాత్రం తిప్పడం లేదు. ఆమె ఆయన వైపు చూడలేదు. నన్నే అడిగింది.

"ఒక్క మాట సెప్పు సారూ. ఆ పొద్దు ముగ్గు పోసేటప్పుడు మా ఆయన తాగి ఉండాడా?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లేదు అని చెప్పడానికి రెండక్షరాలు చాలు. నేను డిప్లొమా చదివినవాణ్ణి, రెండక్షరాలు పలకలేనివాణ్ణి కాదు. కానీ డి.ఈ. సారు ఫైలు మీంచి కళ్ళెత్తాడు. నేను నీళ్ళు నమిలి, "అంత గమనించలేదక్కా" అన్నాను. ఆమె కాసేపు నన్నే చూసింది. కోపంగా కాదు. మాలు తట్ట దించే ముందు కింద నేల చదునుగా ఉందో లేదో చూస్తారే, అలా చూసింది. చూసి వెళ్ళిపోయింది.

ఇక ప్రారంభోత్సవం. ఆగ్నేయం చూసే సింహద్వారం పనికిరాదని సిద్ధాంతిగారు దానికి తాళం వేయించారు. వెనకాల సామాను గదికి పక్క గోడలో ఒక పొట్టి తలుపు ఉంది, అది మాత్రం ఈశాన్యం చూస్తుంది, కాబట్టి అదే సింహద్వారమని తేల్చారు. ఆ రోజు రిబ్బను దానికే కట్టారు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద నాయకుడు తల వంచి, చీపుర్లూ ఫినాయిల్ డబ్బాలూ దాటి, అద్దాల వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మైకు ముందు మాట్లాడటం మొదలుపెట్టాడో లేదో ఎదురుగా తుమ్మచెట్ల మధ్యనుంచి పలకల మోత వినిపించింది. పూలు, టపాకాయలు, ఒక పాతికమంది జనం. తన కోసమే ఏర్పాటు చేసిన ఊరేగింపు అనుకున్నాడు ఆయన. నవ్వుతూ లేచి రెండు చేతులూ జోడించి, తల పైకెత్తి, ఎడమ నుంచి కుడికి అందరికీ దండం పెట్టాడు. పాడె మోసేవాళ్ళకు చేతులు ఖాళీ లేవు కాబట్టి ఎవరూ తిరిగి పెట్టలేదు. పక్కనున్నవాళ్ళు చెవిలో ఏదో చెప్పాక దండం పెట్టిన చేతులు అలాగే ఉంచి నెమ్మదిగా కూర్చున్నాడు. చనిపోయినవాళ్ళకు కూడా దండం పెట్టాలి కదా, ఆ విధంగా ఏమీ వృథా కాలేదు. జనం ఊపిరి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. నేను కూడా ఆపుకుంటూ, ఈ సంగతి మేస్త్రికి చెప్తే ఎంత నవ్వుతాడో అని అలవాటుగా పక్కకు తిరిగాను. ఆయన అక్కడ లేడు.

మేస్త్రి మళ్ళీ తాగుతున్నాడని, మేస్త్రమ్మ కాళహస్తికి వెళ్ళిపోయిందని ఆ సాయంత్రమే ఒక కూలీ చెప్పాడు. మరునాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఇంటి ముందు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక, సర్దుకుని కూర్చున్నాడు.

"ఎందుకు మేస్త్రీ ఇదంతా?" అన్నాను, అడగడానికి నాకే హక్కున్నట్టు.

"తాగినానని సర్కారే రాసింది కదా సారూ. రాసినాక కూడా నేను తాగకుండా ఉంటే సర్కారును అబద్ధం చేసినట్టు కాదా?" అని నవ్వాడు. నాలుగేళ్ళ నుంచి ఆయన ఇల్లు కట్టుకున్నట్టు కట్టుకున్నది చర్చిలో వేసిన ఆ ఒట్టు. నేను ఒక్క సంతకంతో పడగొట్టాను. ఆ గట్టు మీద ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన నా వీపు తట్టి, "పోనీలే సారూ, నీది సిన్న వయసు" అన్నాడు. ఆ మాటకు ఇంకా ఏడుపొచ్చింది.

ఉద్యోగం పోతే పోయిందని, తప్పు నాదేనని కాగితం రాసుకుని డి.ఈ. సారు ముందు పెట్టాను. ఆయన చదివి సొరుగులో పడేశాడు. "ఒక ఫైలుకు ఒక కారణమే ఉండాలబ్బా. రెండు కారణాలుంటే ఆడిట్‌లో అడుగుతారు" అన్నాడు. ఉద్యోగం కూడా పోలేదు. త్యాగం చేద్దామని వెళ్ళి టీ తాగి వచ్చాను.

మిగిలింది మేస్త్రమ్మకు చెప్పడం. మొదటిసారి బస్సెక్కి రేణిగుంటలో దిగిపోయాను, తలనొప్పిగా ఉందని నాకు నేనే చెప్పుకుని, నాలుగు మిరపకాయ బజ్జీలు తిని తిరుగు బస్సెక్కాను. రెండోసారి వాళ్ళ అన్న ఉండే వీధి దాకా వెళ్ళాను. ఆమె ఇంటి ముందు కనపడగానే పక్కనున్న అరుగు మీది ముసలాయన్ని గుడికి దారి ఎటు అని అడిగాను. కాళహస్తిలో నిలబడి గుడికి దారి అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఎదురుగా ఉన్న గోపురం చూపించాడు. మూడోసారి ఆమె స్వర్ణముఖి నదిలో ఉంది. కలంకారీ గుడ్డలు ఉతికే పనిలో చేరిందట, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పొడవాటి గుడ్డ జాడిస్తోంది.

"రెండు మాట్లు వచ్చి పోయినావు సారూ. ఈ తూరి అన్నా నోరు తెరస్తావా?" అంది, తల తిప్పకుండానే.

ఒడ్డున నిలబడి అరిచినట్టు చెప్పాను, ఫోను, కడ్డీలు, కాగితం, అన్నీ. పక్కన గుడ్డలు ఉతికే వాళ్ళంతా పని ఆపి విన్నారు. ఆమె మాత్రం ఆపలేదు.

"తాగలేదని నాకు తెలుసు సారూ. అన్నేండ్లు కాపురం చేసినదాన్ని, నాకు వాసన తెలీదా?"

"మరి ఆఫీసుకొచ్చి నన్నెందుకు అడిగావక్కా?"

"నువ్వు సెప్తావని" అంది.

కాసేపటికి గుడ్డ పిండుతూ, "నాకు సెప్పి ఏం లాభం? ఆయనను నలుగురిలో అన్నారు. నలుగురిలో పోయి సెప్పు. అప్పుడు వస్తా" అంది.

ఆ ఊళ్ళో పొద్దున్నే కూలీలూ మేస్త్రీలూ పని కోసం నిలబడే అడ్డా ఒకటి ఉంది. మరునాడు ఆరున్నరకు అక్కడ టీ బంకు పక్క రాయి ఎక్కి, ముగ్గు తప్పింది నా వల్లేనని, మేస్త్రి ఆ రోజు చుక్క ముట్టలేదని, కాగితంలో నేను రాసింది అబద్ధమని గట్టిగా చెప్పాను. జనం విన్నారు. ఒకరిద్దరు అయ్యో అన్నారు. అంతలో ఒక కాంట్రాక్టరు మనిషి వేలు చూపించి, "తాగలేదంటా ఉండావు, ఆయన్ను సూడు సారూ" అన్నాడు. కరెంటు స్తంభం పట్టుకుని మేస్త్రి నిలబడి ఉన్నాడు, పొద్దున ఆరున్నరకే, నిలబడలేక. నిజం నేను చెప్పే రోజుకు అబద్ధం నిజమై కూర్చుంది. కొందరు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

మేస్త్రమ్మ మాట తప్పలేదు, వారంలోనే తిరిగొచ్చింది. ఆయన తాగుడు తగ్గించి, తగ్గించి, ఏడాదికల్లా పూర్తిగా మానేశాడు. కానీ ఇల్లు కట్టే పని ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చిన పని ఒక్కటే, క్రైస్తవుల శ్మశానంలో సమాధులు కట్టడం. ఆ పనికి ఎవరూ దిక్సూచి తేరు, సిద్ధాంతిని పిలవరు. ఆయన మాత్రం పొద్దు చూడనిదే గీత గీసేవాడు కాదు. "తల పడమర, కాళ్ళు తూర్పు సారూ. సచ్చినోళ్ళు లేసే రోజున కండ్లెదురుగా పొద్దుండాల" అనేవాడు. అలా క్లబ్‌హౌస్ వరండాలో కూర్చున్నవాళ్ళకు, గోల్ఫు చూడాలంటే మెడ తిప్పి తిప్పి నొప్పి పుట్టేది గానీ, మేస్త్రి పని మాత్రం తిన్నగా కనపడేది. కొన్నాళ్ళకు అక్కడ వెదురు తెరలు వేయించారు. నేను ఆ ఉద్యోగం మానేసి చిత్తూరులో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. మేస్త్రికి కడుపులో ఎప్పటినుంచో ఉన్న జబ్బు ముదిరి, నాలుగేళ్ళ కిందట పోయాడు. ఆ సంగతి నాకు నెల తరువాత తెలిసింది.

మొన్న మా కంపెనీకి ఆ క్లబ్‌హౌస్ రంగుల పని వచ్చింది. కొలతలు తీసుకోవడానికి నన్నే పంపారు. (దేవుడికి కూడా ఒక ఫైలు ఉంటుందనుకుంటాను.) పొట్టి తలుపులోంచి తల వంచి లోపలికి వెళ్ళి, కొలతల కోసం వెదురు తెరలన్నీ ఎత్తి కట్టి చూశాను. క్రైస్తవుల సమాధుల పండగ ముందు రోజులు. ఒక ఆడమనిషి వంగి ఒక సమాధికి సున్నం కొడుతోంది. తుమ్మచెట్లు దాటి వెళ్ళాను. ఆమె నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఫోను సారు కదా."

"అవునక్కా."

"ఆయన సమాధికి ముగ్గు ఆయనే పోసుకున్నాడు సారూ, పోయే ముందర ఎండాకాలంలో. ఇంకొకరు పోస్తే వంకర పోతాదని."

నా చేయి దానంతటదే జేబులోకి వెళ్ళింది. చుట్టూ ఎక్కడా ఇనుము లేదని చూసుకుని మరీ ఫోను తీశాను. సరిగ్గా తూర్పు, ఒక్క గీత అటూ ఇటూ లేదు. వెనక్కి తిరిగి చూస్తే క్లబ్‌హౌస్ అద్దాలన్నీ ఎండలో మెరుస్తూ మా వైపే చూస్తున్నాయి. ఇన్నేళ్ళలో దాని ముఖం తిన్నగా కనపడడం అదే మొదటిసారి. కట్టుబడి మాత్రం చాలా బాగుంది, ఎక్కడా పగులు లేదు.

"ఊరికే నిలబడుకోని ఉండావు, ఆ పక్కకు రొంత సున్నం కొట్టు సారూ" అని మేస్త్రమ్మ కుంచె అందించింది. "ముందు ఆ ఫోను జేబులో పెట్టు."

పెట్టాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనుకోబోయాను. చెప్పాడు కదా ఒకాయన, వానలో, గోనెసంచి కప్పుకుని. నాలో నేనే నవ్వుకుని, ఆయన కాళ్ళ వైపు నుంచి సున్నం కొట్టడం మొదలుపెట్టాను.